వేలాడే బరువు

పనిచేసే చోట అతన్ని అందరూ మట్టం మేస్త్రి అంటారు. చొక్కా జేబులో కలం ఉండాల్సిన చోట చిన్న రసమట్టం పెట్టుకుని తిరుగుతాడు. బల్ల కనిపించినా, అలమర కనిపించినా దాని మీద ఆ మట్టం పెట్టి, గాజుగొట్టంలోని బుడగ నడిమికి వచ్చిందో లేదో చూస్తే గానీ మనిషికి మనసు కుదుటపడదు. ఒకసారి చుట్టాలింటికి భోజనానికి వెళ్ళి, ముందు వాళ్ళ బల్ల కాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, ఆ తర్వాతే కంచంలో చెయ్యి పెట్టాడు. ఆ సంగతి అతని భార్య చెప్పని చుట్టం లేదు.

ఆ ఫ్యాక్టరీలో ఇనుము కోసే యంత్రాలు తయారు చేస్తారు. అతని పని వాటికి ఎల్ఎం గైడులు బిగించడం. తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, అదొక నున్నటి ఉక్కు పట్టా. దాన్ని రెండు పక్కలా పట్టుకుని ముందుకూ వెనక్కూ జారే దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని బ్లాకు అంటారు. బ్లాకు కడుపులో మిరియపు గింజలంత ఉక్కు గోళీలు వరసగా తిరుగుతూ ఉంటాయి. అందుకే పైన ఎంత బరువు పెట్టినా వేలితో తోస్తే కదులుతుంది. మట్టం మేస్త్రి బిగించిన పట్టా మీద బ్లాకు చప్పుడు లేకుండా పోతుందని పేరు. పేరు ఊరికే రాలేదు, తలలో సగం జుట్టు ఆ పట్టాల మీద వంగే నెరిసింది.

ఆ షాపులో, అంటే యంత్రాలు బిగించే షెడ్డులో, ఒక అలవాటు ఉంది. ఏ భాగాన్నైనా బల్ల మీద పడుకోబెట్టి కడతారు. అక్కడే బరువు పెట్టి పరీక్షిస్తారు. ఆ తర్వాతే తీసుకెళ్ళి యంత్రానికి తగిలిస్తారు. "బల్ల మీద పాసయితే బయటా పాసే" అనేది మట్టం మేస్త్రి మాట. కొత్తగా చేరినవాళ్ళకు ముందు ఆ మాట నేర్పి, పని తర్వాత నేర్పుతాడు. వాళ్ళ యంత్రాల్లో పట్టా ఎప్పుడూ కిందే ఉంటుంది, బరువు ఎప్పుడూ పైనుంచే పడుతుంది. కాబట్టి ఆ మాట ఏనాడూ అబద్ధం కాలేదు.

ఇక ఇంటి సంగతి. ఇంట్లో అతనూ, భార్యా, అతని అక్కా ఉంటారు. అక్క దర్జీ పని చేస్తుంది. ఆడవాళ్ళ బట్టలు కుట్టడంలో ఆ వీధిలో ఆమెదే పైచేయి. ఆమెకు ఒక కట్టుబాటు ఉంది. ఒకరి కొలతలు ఇంకొకరి ముందు అనదు. టేపు చుట్టి, అంకె చూసి, మనసులో పెట్టుకుంటుంది. "నా నడుము పెరిగిందా అక్కా" అని ఎవరైనా అడిగితే "మీ ఇంట్లో అద్దం లేదా" అంటుంది. వీధిలో ఎవరు లావయ్యారో, ఎవరు చిక్కిపోయారో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా ఆమె నోటి నుంచి ఒక్క అంగుళం కూడా బయటికి రాలేదు.

అలాంటి మనిషికి వెన్నులో జబ్బు వచ్చి కాళ్ళు పడిపోయాయి. చేతులు మాత్రం ఎప్పటిలాగే గట్టివి. మంచం మీద చేతిమిషను పెట్టుకుని ఇప్పటికీ కుడుతుంది. నోరైతే మునుపటి కన్నా బాగా పనిచేస్తోందని తమ్ముడి అభిప్రాయం. కాళ్ళలో పోయిన బలం అంతా ఎటో ఒక వైపు పోవాలి కదా అంటాడు, ఆమె వినకుండా.

చిక్కల్లా స్నానాల గదితో వచ్చింది. చక్రాల కుర్చీ తెచ్చారు గానీ అది ఎత్తు గుమ్మం దగ్గరే ఆగిపోయింది, పైగా ద్వారం ఇరుకు. కాబట్టి తమ్ముడూ మరదలూ చెరో చంక కింద చెయ్యి వేసి ఆమెను మోసుకెళ్తారు. గుమ్మం దాటించి, దింపి, తమ్ముడు గోడ వైపు తిరిగి నిలబడతాడు. మిగతాది మరదలు చూస్తుంది. అక్క కళ్ళు మూసుకుని ఉంటుంది. వీధి మొత్తానికీ సమాధానం చెప్పగల అక్కకు మాట రాని చోటు ఆ ఇంట్లో అదొక్కటే.

కొన్నాళ్ళకు మరదలు ఒక సంగతి కనిపెట్టింది. వదిన నీళ్ళు తాగడం మానేస్తోంది. పొద్దున్న మంచం పక్కన పెట్టిన చెంబు రాత్రికి అలాగే ఉంటోంది. అడిగితే దాహం లేదంటుంది. పెదాలు పగిలి, తలనొప్పి అని పడుకుంటే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. నీళ్ళు తాగకపోతే కాళ్ళ వెనకాలే కిడ్నీలూ పోతాయని ఆయన మొహం మీదే చెప్పాడు. ఇంటికి వచ్చాక అక్క మరదలితో అంది.

"ఒకళ్ళ చెయ్యి పట్టకుండా ఆ గదిలోకి వెళ్ళిన రోజు చెంబెడు నీళ్ళు తాగుతాను. అప్పటిదాకా నా ప్రాణం తీయకమ్మా."

మరదలు ఆ మాటను మొగుడి చెవిన వేసింది. అతను తింటున్న కంచం ముందు నుంచి లేచిపోయాడు. అక్క దాహంతో ఉండటానికి తన చెయ్యే కారణమని తెలిశాక ముద్ద దిగలేదు.

మర్నాటి నుంచి అతను ఇంట్లో గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఆలోచన బాగానే ఉంది. అక్క మంచం నుంచి స్నానాల గది అవతలి గోడ దాకా, ద్వారం మధ్యలో నుంచి, తలకు పైన ఒక ఇనప దూలం వేస్తాడు. దూలం అడుగున పట్టా బిగిస్తాడు. పట్టాకు రెండు బ్లాకులు, బ్లాకులకు ఒక కుర్చీ వేలాడుతుంది. గోడ పొడుగునా తాడు కడతాడు. అక్క మంచం మీది నుంచి కుర్చీలోకి జరిగి, తాడు పట్టుకుని తనను తానే లాక్కుంటూ వెళ్తుంది. మంచం ఎత్తు, కుర్చీ ఎత్తు, లోపల కమోడు ఎత్తు మూడూ ఒకే మట్టంలో ఉంటాయి. మట్టం అన్న మాట వచ్చేసరికి అతని మొహం వెలిగిపోయింది.

పట్టా కోసం ఎక్కడికో పోనక్కర్లేకపోయింది. షాపు వెనక, విప్పేసిన పాత యంత్రానిది ఒకటి పడి ఉంది. యజమానిని అడిగితే తీసుకుపొమ్మన్నాడు. తుడిచి గ్రీజు పెట్టేసరికి బ్లాకులు కొత్త పెళ్ళికూతుళ్ళలా మెల్లగా కదిలాయి. తర్వాత బరువు లెక్క వచ్చింది.

"నీ బరువెంత అక్కా?"

"ఎందుకూ?"

"లెక్క వేయాలి."

"రోజూ మోస్తున్నావుగా, తెలియలేదా?"

"బరువు తెలిసింది. అంకె తెలియలేదు."

"అంకె నా దగ్గరే ఉండనీ. మీ ఆవిడకు ఒకటిన్నర రెట్లు వేసుకో."

"నా బరువు మాత్రం ఆయనకు ఎవరు చెప్పారు వదినా?" అంది మరదలు వంటింట్లోంచి.

ఆడవాళ్ళిద్దరూ ఒకటయ్యాక మగవాడు చేయగలిగింది లేదు. అతను షాపుకు వెళ్ళి, పట్టాను బల్ల మీద పడుకోబెట్టి, బ్లాకుల మీద పలక బిగించి, దాని మీద ఇసక బస్తాలు పేర్చాడు. అక్కా, భార్యా, తనూ ముగ్గురూ కలిసి ఎక్కినా సరిపోయేంత పేర్చాడు. ఒక్క వేలితో తోశాడు. బస్తాలు బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళిపోయాయి. "పాస్" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ పాస్ అన్నారు. అందులో ఒక్కడికైనా అనుమానం రాలేదు, ఎందుకంటే అనుమానం రాకూడదని వాళ్ళందరికీ నేర్పింది అతనే.

సెలవు రోజు పొద్దున అంతా అమరింది. దూలం బిగిసింది, కుర్చీ వేలాడింది, మట్టంలో బుడగ నడిమిన నిలిచింది. అక్క మంచం మీద దిండుకు ఆనుకుని అన్నీ చూస్తోంది. చూసి చూసి ఒకటే అడిగింది.

"తలుపేదిరా?"

"దూలానికి అడ్డం తగులుతోందక్కా. తీసి పక్కన పెట్టాను. తెర కట్టా చూడు, మందం గుడ్డ."

"అది మందం గుడ్డని నువ్వు చెప్పాలా? కిటికీకని నా చేతే కుట్టించావు."

"కిటికీకైతేనేం, ద్వారానికైతేనేం. రా, ఎక్కు."

"నేను ఎక్కను."

అతనికి అర్థం కాలేదు. ఇన్ని సెలవులు ధారపోసి, వేళ్ళు చితగ్గొట్టుకుని కట్టింది ఎవరి కోసం? భార్య వైపు చూశాడు. భార్య తెర వైపు చూసి, వదిన మాట వదినే చెప్పుకోవాలని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నా పని మీద నమ్మకం లేదా?" అన్నాడు.

అక్కకు అసలు బాధ చెప్పడం ఇష్టం లేదు. తెర వెనక తను కూర్చుని ఉండగా ఇంట్లో అటూ ఇటూ మనుషులు తిరగడం తలుచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోతోంది. ఆ మాట తమ్ముడితో ఎలా అంటుంది? అందుకని నోటికి దొరికింది అంది.

"దీన్ని ఎక్కడ పరీక్ష చేశావు?"

"షాపులో. బల్ల మీద."

"బల్ల మీద అది వెల్లకిలా పడుకుని ఉంది. నేను దాని మీద కూర్చోవట్లేదు కదరా, కింద వేలాడాలి. గుండీని ఎంత నొక్కినా ఊడదు. లాగి చూడు, తెలుస్తుంది."

"ఇది గుండీ కాదక్కా, ఉక్కు."

"ఉక్కయితే ఊడదా?"

ఎంత మంచివాడికైనా తన పనిని అంటే మండుతుంది. బల్ల మీద పాసయినదాన్ని గుండీతో పోల్చేసరికి అతనికి తిక్క రేగింది. చెప్పులు విడిచి, అక్క మంచం మీదికి ఎక్కి, కుర్చీలోకి జారి కూర్చున్నాడు. తాడు అందుకుని లాగాడు. కుర్చీ చప్పుడు లేకుండా కదిలింది. గది మధ్య దాకా వచ్చాక వెనక్కి తిరిగి అక్క మొహం చూశాడు. ఆ మొహంలో ఒప్పుకోలు కనబడక ఇంకో రెండు బారలు గట్టిగా గుంజాడు. తెరను తలతో నెట్టుకుంటూ కుర్చీ ద్వారం దాటి, దూలం చివర ఆపు కోసం పెట్టిన బోల్టుకు ధన్ మని కొట్టుకుంది.

అంతే, పైన ఏదో పలుచగా విరిగిన చప్పుడైంది. తర్వాత వానచినుకుల్లా గోళీలు అతని నెత్తి మీదా, గచ్చు మీదా రాలాయి. ముందు బ్లాకు పట్టాను వదిలేసింది, బరువంతా ఒక్కసారి మీద పడి రెండోదీ వదిలేసింది. మట్టం మేస్త్రి కుర్చీతో సహా కింద కూలబడ్డాడు.

"ఒరేయ్ తమ్ముడూ!"

అక్క అరుపు పక్కింటిదాకా వినిపించింది. ఆమె రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుని ఒంటిని ముందుకు ఈడ్చుకుంది. కాళ్ళు రాలేదు. నేల మీద పడి ఉన్న తమ్ముడు నాలుగు బారల దూరంలో ఉన్నాడు, ఆమె చెయ్యి అక్కడిదాకా పోదు. మరదలు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి మొగుణ్ణి లేపి కూర్చోబెట్టింది. మనిషికి ఏమీ కాలేదు. నడుము కింద కమిలింది, మోచెయ్యి చీరుకుపోయింది. అతను లేచి మొట్టమొదట చేసిన పని రాలిన గోళీలు ఏరడం.

ఆ గోళీలు ఆ తర్వాత చాలా రోజుల పాటు ఆ ఇంట్లో బయటపడుతూనే ఉన్నాయి. చెప్పుల్లో, చాప మడతల్లో, కుట్టుమిషను సొరుగులో, ఒకసారి ఉప్పు డబ్బా వెనక. దొరికినప్పుడల్లా మరదలు ఏమీ అనకుండా తెచ్చి అతని అరచేతిలో పెట్టేది. పెళ్ళాలకు అంతకన్నా పెద్ద తిట్టు అక్కర్లేదు.

అతను మూడు దిండ్లు వేసుకుని కూర్చున్నాడు గానీ నొప్పి నడుములో కాదు. అక్క తన మాట విని ఎక్కి ఉంటే? ఆమె ఎముకలకు ఆ దెబ్బ తట్టుకునే శక్తి ఉందా? నడవలేని మనిషిని తన చేతులారా ఎత్తు మీది నుంచి పడేసేవాడు, అదీ గర్వంగా. దూలం మీది సామాను విప్పి మూలన పడేశాడు. తలుపు తెచ్చి మళ్ళీ పెట్టలేదు, దూలం ఇంకా అడ్డంగానే ఉంది. తెర మాత్రం అలాగే వేలాడింది.

అక్క కూడా మెత్తబడిపోయింది. "నేను రెచ్చగొట్టకపోతే నువ్వు ఎక్కేవాడివి కాదు" అంది ఒకసారి. "నువ్వు రెచ్చగొట్టకపోతే నువ్వు ఎక్కేదానివి" అన్నాడు అతను. తమ్ముడూ మరదలూ మళ్ళీ పాత పద్ధతిలో ఆమెను మోయడం మొదలుపెట్టారు. ఈసారి తలుపు కూడా లేదు. చెంబులో నీళ్ళు మునుపటంత కూడా తగ్గడం లేదు.

షాపులో అతను విరిగిన బ్లాకు జేబులో వేసుకుని తిరిగాడు, ఎవరికీ చూపించలేదు. చివరికి సిగ్గు చంపుకుని మేడ మీద గదిలో కూర్చునే డిజైను మేడమ్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె యంత్రాల బొమ్మలు గీస్తుంది. వయసులో చాలా చిన్నది. చేరిన కొత్తలో పట్టా బిగించడం ఆమెకు అతనే చూపించాడు, కాబట్టి అతన్ని చూస్తే లేచి నిలబడుతుంది.

"ఏమైంది మేస్త్రి గారూ?"

బ్లాకు బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పాడు. పడ్డ సంగతి కూడా దాచలేదు. ఆమె నవ్వలేదు. బ్లాకును తిప్పి, గోళీలు రాలకుండా చివర ఉండే మూత విరిగి ఉండటం చూసింది.

"దీన్ని పట్టా కిందికి తిప్పి వేలాడదీశారా?"

"అవును."

"ఇది పైనుంచి నొక్కే బరువు కోసం చేసిన రకమండీ. పై వరస గోళీలు బరువు మోస్తాయి. కింది వరస ఊడిపోకుండా పట్టుకుంటుంది, అంతే. తలకిందులు చేస్తే ఆ పట్టుకునే వరసే మోయాలి. దానికి అంత బలం ఉండదు."

"ముసలి బ్లాకు. మూత పెళుసెక్కి ఉంది."

"మన యంత్రాల్లో ఎన్ని మూతలు పగల్లేదు? గోళీలు రాలినా బ్లాకు పట్టా మీదే కూర్చుని ఉంటుంది. మీరు వెళ్ళి మారుస్తారు. పైన వేలాడేటప్పుడు గోళీలు రాలితే ఇక పట్టుకునేది ఏముంది? బోల్టులు కూడా అంతే. నేల మీద అవి ఊరికే తోడుంటాయి, పైన అవే మోయాలి."

అతను బ్లాకును అందుకుని దాని మూతను వేలితో లాగి చూశాడు.

"గుండీ లాగా" అన్నాడు.

"ఏంటండీ?"

"ఏం లేదు. మా అక్క అంది."

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "నిజం చెప్పాలంటే, ఆ రోజు నన్ను పిలిచినా బల్ల మీద చూసి పాస్ అనేదాన్నేమో. ఈ షాపులో తలకిందులుగా మనం ఎప్పుడు కట్టాం గనక?"

ఆ మాట ఓదార్పు కోసం అందో, నిజంగానే అందో అతనికి తెలియలేదు గానీ కాస్త ఊపిరి తిరిగింది. ఆమె లేచి సామాన్ల గది వెతికి, ఎవరో నమూనాకని పంపిన పొడుగాటి పట్టా ఒకటి బ్లాకులతో సహా ఇచ్చింది. ఇది నాలుగు పక్కలా ఒకేలా మోసే రకం, పైన పెట్టినా, కింద వేలాడదీసినా, గోడకు అడ్డంగా బిగించినా దీని బలం మారదు అంది. ఇంకో మాట కూడా చెప్పింది. బ్లాకు పూర్తిగా ఊడిపోయినా మనిషి పడకూడదు, కాబట్టి దూలాన్ని రెండు వైపులా పట్టుకునేలా ఉక్కు కొక్కేలు వేయాలి.

"అసలు బరువు ఎంతో చెప్పండి, లెక్క చూస్తాను."

"అది చెప్పదండీ."

"అయితే అడిగి తెలుసుకోండి. వేలాడే బరువును అంచనా మీద వదలకూడదు."

ఆ సాయంత్రం అతను ఇంటికి వెళ్ళి చెప్పుల్తోనే అక్క మంచం పక్కన కూర్చున్నాడు. జేబులోంచి మట్టం తీసి మంచం పట్టె మీద పెట్టాడు, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియనప్పుడు అతను చేసే పని అదే.

"గుండీ సంగతి నువ్వు చెప్పిందే నిజమక్కా."

"ఏదో నోటికొచ్చింది అన్నాను. నాకేం తెలుసు."

"మళ్ళీ కడతాను. ఈసారి వేలాడదీసే పరీక్ష చేస్తాను. నువ్వు ఎక్కుతావా?"

అక్క చేతిమిషను చక్రాన్ని ఊరికే అటూ ఇటూ తిప్పింది.

"ఎక్కనన్నది భయంతో కాదురా."

"మరి ఏం కావాలి నీకు?"

అన్ని గోడలు కొలిచినవాడు, అన్ని ఎత్తులు సరిచూసినవాడు, ఆ ఒక్కటీ అడగడం ఇదే మొదలు. ఆమె తెర వైపు చూసింది.

"తలుపు" అంది.

అతనికి అప్పుడు తెలిసింది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. దూలానికి తలుపు అడ్డమైతే తలుపునే తీసేసిన బుద్ధి తనది. ఆమె కోరిందే తలుపు అయితే, ఇన్నాళ్ళూ తను కట్టిందేమిటి? లోపలికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు. భార్య చూసింది గానీ కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడగలేదు.

తలుపు పని అనుకున్నంత కష్టం కాలేదు. దూలం మందం ఎంతో అంత మేర తలుపు పైభాగం అడ్డంగా కోసేశాడు. కోసిన ముక్కను రెండు చేసి, దూలానికి అటొకటి ఇటొకటి ద్వారబంధానికి బిగించి సందు మూశాడు. ఇప్పుడు తలుపు దూలం కింద నుంచి హాయిగా తిరుగుతుంది. గడియ దగ్గరికి వచ్చేసరికి ఆగి, అక్కను పిలిచాడు.

"గడియ ఎక్కడ పెట్టమంటావు?"

ఆమె మంచం మీద కూర్చుని గాలిలో చెయ్యి చాపింది. అతను టేపు తెచ్చి ఆ చెయ్యి ఎత్తు కొలిచాడు. తర్వాత భయపడుతూనే చెప్పాడు, లోపల ఏదైనా అయితే బయటినుంచి తీయడానికి స్క్రూడ్రైవరు పట్టే చిన్న బెజ్జం ఒకటి పెడతానని.

"ఆ స్క్రూడ్రైవరు ఎవరి దగ్గర ఉంటుంది?"

"ఆవిడ దగ్గర."

"మరదలి దగ్గరైతే సరే. నీ దగ్గరైతే ఒప్పుకోను. గడియ మట్టం చూడాలని తీసినా తీస్తావు."

ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత ముగ్గురూ ఒకేసారి నవ్వారు. నవ్వు ఆగాక అక్క అతన్ని వేలితో దగ్గరికి పిలిచింది. మరదలు వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగింది. అతని చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుని ఒక అంకె చెప్పింది.

"డాక్టరు దగ్గర తూచింది. ఎవరితోనైనా అన్నావంటే నాలుక కుట్టేస్తా."

"లెక్క కోసం మేడమ్‌కి చెప్పాలక్కా."

"రెట్టింపు చేసి చెప్పు. సగం ఎంతో ఆమెకెందుకు."

అతను అలాగే చేశాడు. మేడమ్ అడిగితే, ఇంత మోస్తే చాలండీ అని రెట్టింపు అంకె ఇచ్చాడు. ఆమెకు అసలు సంగతి అర్థమైనట్టే ఉంది, ఆ అంకెతోనే లెక్క చూసింది. కాబట్టి ఆ అంకె ఎంతో ఇక్కడ చెప్పడం కూడా కుదరదు.

ఈసారి షాపులో పట్టాను బల్ల మీద పడుకోబెట్టలేదు. పైకప్పు కమ్మీకి తలకిందులుగా బిగించి, ఆ రెట్టింపు బరువుకు సరిపడా ఇసక బస్తాలు కింద వేలాడదీశాడు. పగలంతా అవి వేలాడుతూనే ఉన్నాయి. పక్క నుంచి వెళ్ళేవాళ్ళను ఆపి, ఊపమన్నాడు, గుద్దమన్నాడు, చివరిదాకా లాగి బోల్టుకు కొట్టమన్నాడు. మొదట్లో అందరూ వేళాకోళం చేశారు. కాసేపటికి వాళ్ళకూ సరదా పుట్టి వరసలో నిలబడ్డారు. చివరికి అతను ఒక బ్లాకు మూత తనే ఊడదీసి, గోళీలు రాలేటట్టు చేసి, బస్తాలు కొక్కేల మీద ఆగుతాయో లేదో చూశాడు. ఆగాయి. మేడమ్ మెట్ల మీద నిలబడి చూసింది. అయినా "పాస్" అన్న మాట అతని నోట రాలేదు.

ఊడదీసిన బ్లాకు బదులు వేరేది వేసి, ఇంట్లో మళ్ళీ అంతా బిగించాడు. పట్టా చివర బోల్టుకు రబ్బరు తొడుగు వేశాడు. ముందు తను ఎక్కి వెళ్ళి వచ్చాడు, నెమ్మదిగా, వెనక్కి తిరిగి చూడకుండా. భార్య ఎక్కి వెళ్ళి వచ్చింది. కుర్చీని మంచం పక్కకు తెచ్చి ఆపాడు. అక్క చేత్తో కుర్చీని ఒకసారి కిందికి గుంజింది, గట్టిగా, గుండీ లాగినట్టు. తర్వాత దిండు పక్కకు నెట్టి, రెండు చేతుల మీద ఒళ్ళు ఎత్తి కుర్చీలోకి జరిగింది. అలవాటు కొద్దీ అతను చేతులు ముందుకు చాపాడు.

"చేతులు వెనక్కి పెట్టుకో" అంది.

పెట్టుకున్నాడు. ఆమె తాడు అందుకుంది. ఎన్నో ఏళ్ళు కత్తెర పట్టిన చేతులు, బట్ట తాను లాగినట్టు తాడును లాగాయి. గుమ్మం దగ్గర కుర్చీ కొంచెం ఊగింది. అతను ఒక అడుగు ముందుకు వేశాడు గానీ ఆమె ఆగలేదు. లోపలికి వెళ్ళి, తలుపుకు కట్టిన దారం అందుకుని దగ్గరికి లాక్కుంది. తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

అతను తలుపు ముందు అలాగే నిలబడ్డాడు. పట్టా వైపు, బోల్టుల వైపు, కొక్కేల వైపు చూస్తున్నాడు.

"ఇంకా అక్కడే ఉన్నావా?" లోపలినుంచి అక్క గొంతు. "తలుపు కింద నుంచి నీ కాళ్ళు కనబడుతున్నాయి. వీధి గదిలోకి పో."

భార్య అతని చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి తీసుకెళ్ళింది. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చున్నారు. అక్క ఆ గదిలో ఉన్నప్పుడు వాళ్ళిద్దరికీ పనేమీ లేకపోవడం ఇదే మొదటిసారి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. చాలాసేపు ఆమె బయటికి రాలేదు. అతను రెండుసార్లు లేవబోతే భార్య కళ్ళతోనే కూర్చోబెట్టింది.

గడియ తీసిన చప్పుడైంది. తాడు జర జరమని కదిలింది. తర్వాత మంచం కిర్రుమంది.

"మరదలా" అని పిలిచింది అక్క.

ఆమె పరిగెత్తింది, వెనకే అతనూ వెళ్ళాడు. అక్క తడి తల తుడుచుకుంటూ మంచం మీద కూర్చుని ఉంది. మొహం తేటగా ఉంది.

"ఏం కావాలి వదినా?"

"నీళ్ళు ఇవ్వమ్మా. చెంబు నిండా."